తొమ్మిదో గట్టు నెత్తురు లెక్క

వైశాఖ శుద్ధ ఏకాదశి
(నాలుగు నెలలు ఆలస్యంగా, భాద్రపద బహుళ పాడ్యమినాడు రాసినది)

ఆ రోజు నా భార్య తాయారు ఐదింటికే లేచింది. కాళ్లు వాచి ఉన్నాయి. కాఫీలో చక్కెర ఎక్కువైందని నన్ను కోప్పడింది. అయినా తాగింది. ముందురోజు సాయంత్రం మడుగులో పది కప్పల నుంచి తీసిన నెత్తురు స్లైడ్ల మీద ఆరి, రంగు పట్టి ఉంది. ఏడింటికి కిటికీ దగ్గర మైక్రోస్కోపు ముందు కూర్చుంది. తను అంకెలు చెప్పింది, నేను రాశాను.

పది కప్పల్లో నాలుగింటికి ఎర్రకణాల్లో పురుగు ఉంది. తెల్లకణాలు నూటికి లింఫోసైట్లు అరవై ఆరు, న్యూట్రోఫిల్స్ పద్దెనిమిది, మిగతావి పదహారు. తొమ్మిదో స్లైడు దగ్గర ఆయాసం వచ్చి ఆగింది. పడుకోమన్నాను. "పదోది ఏం పాపం చేసిందండీ?" అని అది కూడా చూసింది.

పదకొండున్నరకు స్లైడ్ల పెట్టెను గద్దకు కట్టి, గట్లన్నిటి నెత్తురు పరీక్షలూ చూసే కేంద్రానికి పంపాం. గద్ద అంటే సముద్రం పక్కన కట్టలు పోసి కట్టుకున్న మా గట్ల మధ్య తిరిగే చిన్న విమానం. నడిపేవాడు ఉండడు. రెండింటికి చీటీ తెచ్చింది. కేంద్రంలోని యంత్రం చదివిన అంకెలకూ తాయారు అంకెలకూ ఒక్కటే తేడా. "దాని చూపు బాగానే ఉంది," అంది. మూడింటికి పడుకుంది. మూడున్నరకు మంచినీళ్లు తీసుకుని వెళ్లేసరికి పోయింది.

ఆ రోజు మడుగు లోతు ఎవరూ కొలవలేదు. జ్వరాలు సున్నా. ఎవరినీ అడగకుండానే ఇది రాయగలను. మా గట్టులో పన్నెండేళ్లుగా అది సున్నాయే.

దినచర్య పుస్తకంలో ఖాళీ పేజీ ఉండకూడదని నియమం. ఇప్పుడు ఖాళీ లేదు.

భాద్రపద బహుళ విదియ

లోతు నాలుగడుగుల రెండంగుళాలు. నీటిలో ఉప్పు లేదు. జ్వరాలు సున్నా. పడమటి కట్ట మీద ఎండ్రకాయలు తవ్విన బొరియలు మూడు పూడ్చాను.

పదింటికి గద్ద ఉత్తర్వు తెచ్చింది. ఆషాఢ, శ్రావణ, భాద్రపద మాసాల పరీక్షల్లో తొమ్మిదో గట్టు కప్పలు వరసగా మూడుసార్లు తప్పాయి. పదింటిలో మూడింటికి తక్కువ కాకుండా పురుగు ఉంది. న్యూట్రోఫిల్స్ లింఫోసైట్లను మించాయి. ఈ రెండూ కలిసి మూడు నెలలు కనిపిస్తే ఆ మడుగు రోగపు మడుగు కింద లెక్క. పక్క గట్లకు పాకకుండా అమావాస్య పోటుకు సముద్రం వైపు తూము ఎత్తి మడుగును ఉప్పునీటితో నింపాలి. గట్టుపెద్ద బాధ్యుడు.

ఉప్పునీటిలో మా నీటికప్ప పూట కూడా బతకదు. మూడేళ్లు వాన కడిగితేగాని ఆ మడుగు మళ్లీ తియ్యగా మారదు. ఈలోగా దోమ వస్తుంది, దోమతో జ్వరాలు. దోమ మీద మందులు పనిచేయడం మానేసి ముప్పై ఏళ్లయింది. కప్పలు లేని గట్టు మీద జనం ఒక వానాకాలం మించి నిలిచినట్టు నేను వినలేదు. పదకొండో గట్టు మడుగు రెండేళ్ల కింద ఇలాగే మూశారు. ఇప్పుడక్కడ తలుపులు లేని ఇళ్లు ఉన్నాయి, వాటి మీద కొంగలు ఉన్నాయి. మాది నూట నలభై రెండు ఇళ్ల గట్టు.

గట్టుపెద్ద చిట్టబ్బాయి. తాయారుకు తమ్ముడు. ఉత్తర్వు చదివి, మడతపెట్టి, విప్పి మళ్లీ చదివాడు.

"అక్క పోయి అయిదు నెలలు కాలేదు బావా. దాని మడుగుని నా చేత చంపిస్తారా?"

"ఇంకా పదమూడు రోజులుంది."

"పదమూడు రోజుల్లో ఏం చేస్తావు? కప్పల్ని కూచోబెట్టి నెత్తురు మార్చుకోమని పాఠం చెప్తావా?"

నాకు కోపం వచ్చింది. పరీక్ష తప్పింది కప్పలు, నేను కాదు అన్నాను.

చవితి

తాయారు పుస్తకాలు అటక మీంచి దింపాను. ఇరవై ఒక్క ఏళ్లు, నెలకు పది కప్పలు. రెండువేల ఐదువందల ఇరవై నెత్తురు చుక్కలు. కళ్లు ఆమెవి, చేతిరాత నాది.

నేను కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆమె జంతుశాస్త్రం. గట్టుకు వచ్చాక కాలేజీ లేదు. ఆమె పని మాత్రం ఉంది. అప్పటినుంచి నేను ఆమె గుమస్తాను. ఈ మాట అనుకుని ఏనాడూ చిన్నబోలేదు.

పురుగు అని రాస్తున్నాను గాని అది కంటికి ఆనేది కాదు. కప్ప ఎర్రకణం మధ్యలో గింజలాంటి కేంద్రకం ఉంటుంది. పురుగు చేరిన కణంలో అరటికాయ ఆకారంలో ఇంకొకటి పడుకుని, గింజను గోడకు నెట్టేసి ఉంటుంది. దోమలో పెరుగుతుంది. ఆ దోమను మింగిన కప్పకు వస్తుంది. కేంద్రం వాళ్లకు అది రోగం. తాయారు అలా అనుకోలేదు. "పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ల చేతికి మసి అంటదా? ఇదీ అంతే. పురుగు ఒక్కటీ లేని కప్పలున్నాయంటే అవి దోమల్ని తినడం లేదన్నమాట" అనేది.

ఆమె పురుగుకంటే తెల్లకణాలనే ఎక్కువ చూసేది. లింఫోసైట్లు ఊరి కావలివాళ్లు, న్యూట్రోఫిల్స్ దండు అని నాకు చెప్పింది. ఊరు నిమ్మళంగా ఉన్నప్పుడు వీధిలో కావలివాళ్లే కనిపించాలి. దండు దిగిందంటే ఏదో జరిగింది. ఇరవై ఒక్క ఏళ్లలో కావలివాళ్లు అరవైకి తగ్గలేదు. దండు ఇరవై మూడు దాటలేదు. పది కప్పల్లో మూడింటికో నాలుగింటికో పురుగు ఎప్పుడూ ఉంది. పురుగును మోస్తూ, దోమల్ని తింటూ, నిమ్మళంగా బతికిన కప్పలు అవి.

ఆమె పోయిన తర్వాత జ్యేష్ఠ మాసం పరీక్షకు మినహాయింపు ఇచ్చారు. ఆషాఢం నుంచి నేను చేస్తున్నాను. కావలి ముప్పై తొమ్మిది, దండు నలభై ఏడు. శ్రావణంలో ముప్పై ఆరు, యాభై. ఈ నెల ముప్పై ఎనిమిది, నలభై ఎనిమిది. పురుగు మాత్రం నాలుగు, మూడు, నాలుగు. అది మారలేదు.

యంత్రం తప్పు చదివిందేమోనని నా దగ్గర దాచిన జంట స్లైడ్లు మొత్తం చూశాను. తప్పు లేదు. దండు నిజంగానే దిగింది. ఎందుకో తెలియలేదు.

షష్ఠి

లోతు నాలుగడుగుల మూడంగుళాలు. జ్వరాలు సున్నా. పొద్దుగూకే వేళ కప్పల పిలుపులు పావుగంటలో రెండువందల పద్దెనిమిది. పోయిన ఏడాది ఇదే తిథికి రెండువందల ఐదు.

నీళ్లు పరీక్షించాను. నాచు చూశాను. ఎండలు చూశాను. ఈ ఏడు ఎండ కొంచెం తక్కువ కూడా. మడుగులోకి కొత్త చేప ఏదైనా వచ్చిందేమోనని నూకరత్నాన్ని అడిగాను. గట్టులో కప్పలు పట్టేది ఆమె. యాభై దాటాయి. చేత్తోనే పడుతుంది. వల వాడదు.

"కొత్త చేపా లేదు, పాత పామూ లేదండీ. కప్పలు నున్నగా, బొద్దుగా ఉన్నాయి. చేతిలోంచి జారిపోతన్నాయి. జబ్బు కప్ప జారదండీ, చేతికి బంకలా అంటుకుంటాది. ఆ మాట మీ కేంద్రమోళ్లకి రాయండి."

"జారుతోందని రాస్తే వాళ్లు ఒప్పుకోరు."

"మరేం ఒప్పుకుంటారు? కప్పొచ్చి సంతకం పెట్టాలా?"

ఒక అధికారిని పంపమని కేంద్రానికి రాశాను. దశమినాడు వస్తారని సాయంత్రానికి జవాబు వచ్చింది. పరీక్ష మళ్లీ చేసే పద్ధతి లేదనీ, పాత పరీక్షలు చెల్లవని రుజువైతే తప్ప ఉత్తర్వు మారదనీ అందులోనే ఉంది.

అష్టమి

తూర్పు వరసలో మూడిళ్లవాళ్లు సామాను కట్టడం మొదలుపెట్టారు. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.

మధ్యాహ్నం పెరట్లో గోనెసంచులు ఉతుకుతున్నాను. కప్పలు తెచ్చే సంచులు. నూకరత్నం వచ్చి కట్ట మీద కూర్చుంది.

"ఒక మాట అంటే కోపం తెచ్చుకోరు కదా మేస్టారూ?"

"తెచ్చుకుంటే?"

"అయినా అంటాలెండి. అమ్మగారి చేతిలో ఇరవై ఏళ్లు ప్యాసయిన కప్పలండీ ఇవి. మీ చేతిలో పడ్డాయి, మూడుసార్లూ తప్పాయి. కాలేజీలో కూడా ఇంతేనా మీరు?"

"కాలేజీలో నేను కప్పలకు చెప్పలేదు."

"పోనీ ఎక్కమన్నా చెప్పాల్సింది వీటికి. అమ్మగారు చెప్పేవోరు."

ఆ ఎక్కం నాకూ తెలుసు. కప్ప చేతికి రాగానే తాయారు పందొమ్మిదో ఎక్కం పైకి చదివేది. ఎనిమిదుల దగ్గర ప్రతిసారీ తడబడేది. పుస్తకం పట్టుకుని ఒడ్డు మీద కూర్చున్న నేను నూట యాభై రెండు అని అందించేవాణ్ణి. చెయ్యి వణకకుండా చదువుకుంటోందని అనుకున్నాను. లెక్కల మేష్టరు భార్య కదా, నన్ను ఆటపట్టించడానికేమోనని కూడా అనుకున్నాను. ఏనాడూ అడగలేదు.

"ఎందుకు చదివేదో నీకేమైనా చెప్పిందా?"

"భలేవోరండీ. ఎక్కం అయిపోయేలోపు నెత్తురు చుక్క అద్దం మీద పడిపోవాలి. పడకపోతే ఆ కప్పని వదిలేసి ఇంకోటి పట్టమనేవోరు. నేనెన్ని తిట్లు తిన్నానో. 'రత్నం, భయపెట్టి ఉంచేశాక తీస్తే అది దాని నెత్తురు కాదే, దాని భయం' అనేవోరు. మీరు ఒడ్డు మీదే ఉండేవోరు కదా, ఇనలేదా?"

వినలేదు. అది అంకె కాదు కాబట్టి విన్నా రాసి ఉండను.

చేతిలో తడి గోనెసంచి ఉంది. ఆషాఢం నుంచి నేను చేసింది ఇక్కడ రాస్తున్నాను. సాయంత్రం నూకరత్నం కప్పల్ని పట్టి గోనెలో వేసి మా ఇంటికి తెచ్చేది. నేను వాటిని వసారాలో ఉంచి, మర్నాడు పొద్దున వెలుగులో, బల్ల దగ్గర కూర్చుని నెత్తురు తీసేవాణ్ణి. ఒక పూటంతా సంచిలో బిక్కచచ్చి ఉన్న కప్పలు. దండు దిగకుండా ఎలా ఉంటుంది?

పద్ధతుల పుస్తకంలో నెత్తురు ఎప్పుడు తీయాలో లేదు. అది సాకు కాదు. సాయంత్రాలు తాయారు నిలబడిన ఆ నీళ్లలో నిలబడడం నా వల్ల కాలేదు. అందుకే సంచిలో తెమ్మన్నాను. ఇంతకంటే కారణం లేదు.

పరీక్ష తప్పింది కప్పలు, నేను కాదు అని విదియనాడు రాశాను. ఆ వాక్యం కొట్టేయను.

నవమి

చిట్టబ్బాయికి చెప్పాను.

"అంటే నూట నలభై రెండిళ్లు నీ గోనెసంచి మీద ఉన్నాయన్నమాట."

"అవును."

"రేపు కేంద్రం అధికారి వచ్చాక ఈ మాట చెప్తే నీ పుస్తకం లాక్కుంటారు. తప్పుడు నెత్తురు పంపినోడికి మళ్లీ ఇవ్వరు, జన్మలో. తెలుసా?"

"తెలుసు."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రత్నం తనంతట తనే సంచిలో తెచ్చిందని రాసెయ్. నీకు తెలీదను. ఆవిడ పట్టేమనిషి, ఆవిడకి పోయే పదవేం లేదు. మడుగూ నిలుస్తాది, నువ్వూ నిలుస్తావు."

"తెమ్మన్నది నేను."

"నాకు తెలుసులే నువ్వని! రాసేటప్పుడు సంగతి చెప్తన్నాను."

"ఈ పుస్తకంలో ఇరవై ఒక్క ఏళ్లుగా మీ అక్క చెప్పిన అంకె ఒక్కటి కూడా నేను మార్చలేదు. ఇప్పుడు మనిషిని మార్చి రాయమంటావా?"

లేచి వెళ్లిపోయాడు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "అన్నం తిన్నావా?" అని అడిగాడు. తిన్నానన్నాను. ఈ ఒక్కటి అబద్ధం.

దశమి

కేంద్రం నుంచి డాక్టర్ ఎస్తేరు నాలుగింటి పడవలో వచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయి. మాట తక్కువ మనిషి. నేను జరిగింది మొత్తం చెప్పాను. ఆమె రాసుకున్నారు.

"ఇది మీరు చెప్పే మాట. మడుగును కాపాడుకోవడానికి ఎవరైనా ఇలాగే చెబుతారు కదా మాస్టారూ?"

"అందుకే మీ ముందే తేల్చుకుందాం. ఈ సాయంత్రం ఇరవై కప్పలు పడదాం. పదింటి నెత్తురు నీళ్లలోనే తీస్తాను. పదింటిని గోనెలో వేసి మీ గదిలో మీ దగ్గరే పెట్టుకోండి. వాటిది రేపు తీస్తాను. స్లైడ్ల మీద అంకెలు మీరు వేయండి. ఏది ఏదో నాకూ యంత్రానికీ తెలియకూడదు."

ఒప్పుకున్నారు.

పొద్దుగూకుతుండగా మడుగులోకి దిగాను. నెత్తురు కోసం నేను నీళ్లలోకి దిగడం ఇదే మొదటిసారి. ఒడ్డు దగ్గర నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. నూకరత్నం మొదటి కప్పను అందించింది. ఎక్కం మొదలుపెట్టాను. దవడ కింద నరం దొరికేసరికి పందొమ్మిది పదులు నూట తొంభై అయిపోయింది.

"వదిలేయండి," అంది నూకరత్నం.

రెండోది కూడా వదిలేశాను. మూడోది చేతిలోంచి దూకింది. ఒడ్డు మీద గట్టు జనం సగం మంది నిలబడి ఉన్నారు. ఎవరో నవ్వారు. చిట్టబ్బాయి వాళ్లను కసిరాడు.

"గబగబా చదువుతున్నారండీ మీరు," అంది నూకరత్నం. "అమ్మగారు తీరుబడిగా చదివేవోరు. లెక్కలొచ్చినోళ్లతో ఇదే వచ్చింది."

తీరుబడిగా చదివాను. నాలుగో కప్ప చుక్క పందొమ్మిది ఆరులు దగ్గర స్లైడు మీద పడింది. తర్వాతిది ఏడుల దగ్గర. పది పూర్తి కావడానికి పదిహేడు కప్పలు పట్టాల్సి వచ్చింది. చుక్క తీసిన కప్పను తీసినచోటే వదిలాను. ప్రతిదీ రెండు గంతుల్లో చీకట్లో కలిసిపోయింది.

మరో పదింటిని గోనెలో వేసి ఎస్తేరు గారికి అప్పగించాం.

జ్వరాలు సున్నా. లోతు రాయడం మరిచాను. మోకాలి లోతు అని రాస్తున్నాను.

ఏకాదశి

పొద్దున గోనెలోని పదింటి నెత్తురు తీశాను. తీశాక మడుగులో వదిలేశాం. స్లైడ్లకు ఎస్తేరు గారే రంగు వేసి, కలగలిపి అంకెలు వేసి, గద్దకు కట్టారు. గద్ద రావడం ఆలస్యమైంది. నాలుగిళ్లవాళ్లు సామాను పడవలోకి ఎక్కించారు గాని చీటీ వచ్చేదాకా పడవను కదలనివ్వలేదు.

మూడున్నరకు చీటీ వచ్చింది. ఎస్తేరు గారు తన కాగితం తీసి ఒక్కొక్క అంకె పక్కన గుర్తు పెట్టుకుంటూ వెళ్లారు. తర్వాత చీటీ నాకిచ్చారు.

నీళ్లలో తీసినవి: పురుగు నాలుగింటికి. కావలి అరవై నాలుగు, దండు పందొమ్మిది.

గోనెలో ఉంచినవి: పురుగు నాలుగింటికి. కావలి ముప్పై ఏడు, దండు నలభై తొమ్మిది.

ఒకే మడుగు, ఒకే సాయంత్రం.

చిట్టబ్బాయి చీటీ లాక్కుని బయటికెళ్లి గట్టిగా చదివాడు. సగం మందికి అర్థం కాలేదు. అయినా అరిచారు. పడవలోంచి మొదట కిందికి దిగింది రుబ్బురోలు.

లోపల ఎస్తేరు గారు తాయారు పుస్తకాలు చూస్తూ కూర్చున్నారు.

"ముప్పై ఒక్క గట్లలో ఈవిడ అంకెలు మాత్రమే ఏ నెలా ఊగేవి కావు," అన్నారు. "మా దగ్గర అందరం ఈ మడుగు అదృష్టం అనుకునేవాళ్లం."

"అదృష్టం కాదమ్మా. ఆమె పదిహేడు పట్టి ఏడు వదిలేసిన రోజులు చాలా ఉన్నాయి. వదిలేసినవాటి లెక్క నేను రాయలేదు. పనికిరాని అంకె అనుకున్నాను."

కాసేపటికి ఎస్తేరు గారు నూకరత్నాన్ని అడిగారు. "పదకొండో గట్టులో కప్పలు ఎలా తెచ్చేవారో మీకు తెలుసా?"

"మా చెల్లెలు అక్కడే పట్టేదండీ. బుట్టలో పెట్టి మూత కట్టేవోరు. మర్నాడో ఆ మర్నాడో తీసేవోరు."

ఎస్తేరు గారు పుస్తకం మూశారు.

"ఆ తూము దగ్గర నిలబడి ఎత్తించింది నేనే," అన్నారు.

నూకరత్నం ఆమెకు మంచినీళ్లు ఇచ్చింది.

త్రయోదశి

తూము ఎత్తే ఉత్తర్వు రద్దయింది. గద్ద రెండు కాగితాలు తెచ్చింది. రెండోది నా గురించి. మూడు మాసాలు చెల్లని నెత్తురు పంపినందుకు తొమ్మిదో గట్టు లెక్క పుస్తకం నా చేతి నుంచి తీసుకోవాలి. సరైన ఉత్తర్వే. సంతకం పెట్టాను.

కొత్త మనిషిని ఎస్తేరు గారే చూసి పెట్టాలి. కేంద్రం నుంచి ఎవరినైనా పంపిస్తామన్నారు. నేను నూకరత్నాన్ని చూడమన్నాను.

"నన్నా?" అంది నూకరత్నం. "నాకు కప్పే తెలుసండీ. కప్ప లోపల సంగతి నాకేం తెలుసు?"

"అబద్ధాలాడకు. తాయారు నీకు చూపించేది."

"వాన పడి పనుండనప్పుడు చూపించేవోరు. సరదాకి."

ఎస్తేరు గారు మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టారు. నూకరత్నం చీర కొంగు బిగించి కూర్చుంది. కావలి, దండు అని అనలేదు. లింఫోసైటు, న్యూట్రోఫిల్ అని సరిగ్గా పలికింది. ఒకచోట ఆగి, "ఇది లింఫోసైటులా ఉంది గాని కాదండీ. నెత్తురు గడ్డ కట్టించేది. ఊరికే గుండ్రంగా ముడుచుకుంది. అమ్మగారు దీన్ని దొంగ అనేవోరు" అంది. ఎస్తేరు గారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. కాదనలేదు.

నూరు కణాలు లెక్కపెట్టింది. యంత్రానికీ ఆమెకూ రెండే తేడా.

నేను పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఇరవై ఒక్క ఏళ్లు ఆ ఇంట్లో ఉండి, తాయారు ఇంకొకరిని తయారుచేసిన సంగతి నేను గమనించలేదు. నాకు తెలియకుండా ఎన్ని వానాకాలాలు కూర్చోబెట్టి నేర్పిందో. ఈ పేజీలో గర్వం అనే మాట రాయొచ్చో లేదో తెలియదు. రాస్తున్నాను.

చతుర్దశి

ఎస్తేరు గారు పొద్దున పడవకు వెళ్లిపోయారు. వెళ్లే ముందు పద్ధతుల పుస్తకంలో చేర్చడానికి కొత్త వాక్యం రాసి నాకు చూపించారు. కప్పను పట్టిన వెంటనే నెత్తురు తీయవలెను.

"వెంటనే అంటే ఎంత?" అన్నాను.

"మీరే చెప్పండి."

"పందొమ్మిదో ఎక్కం, తీరుబడిగా. అది దాటితే కప్పను వదిలేయాలి. వదిలేసినవి ఎన్నో కూడా రాయాలి."

అలాగే రాశారు. ఎక్కం రానివాళ్ల కోసం గడియారం లెక్క కూడా పక్కన వేశారు. ముప్పై ఒక్క గట్లకూ వెళుతుంది.

"కాగితం చాలదమ్మా," అన్నాను. "నేను ఇరవై ఒక్క ఏళ్లు పదడుగుల దూరంలో కూర్చుని కూడా నేర్చుకోలేదు. పద్నాలుగో గట్టు ఇప్పటికి రెండుసార్లు తప్పిందని మీ జాబితాలో చూశాను. మూడో పరీక్ష ఆశ్వయుజ దశమికి. వాళ్లూ బుట్టల్లోనే తెస్తారని రత్నం చెప్పింది."

"మీకిప్పుడు ఏ హోదా లేదు మాస్టారూ. మిమ్మల్ని నేను పంపలేను."

"మిమ్మల్ని పంపమనడం లేదు. పడవ ఎక్కడానికి హోదా అక్కర్లేదు కదా."

ఆమె నవ్వడం ఇదే మొదటిసారి చూశాను. పద్నాలుగో గట్టుపెద్ద పేరు ఒక చీటీ మీద రాసిచ్చారు.

అమావాస్య

లోతు నాలుగడుగుల నాలుగంగుళాలు. ఉప్పు లేదు. జ్వరాలు సున్నా. పిలుపులు రెండువందల ముప్పై ఒకటి.

పోటు పదకొండు గంటల పదినిమిషాలకు తూము తలుపును తాకింది. చిట్టబ్బాయి పొద్దుటినుంచి తూము మీదే కూర్చున్నాడు. తాళంచెవి మొలకు కట్టుకున్నాడు. పెద్దల అమావాస్య కాబట్టి ప్రతి ఇంటినుంచీ ఏదో ఒకటి వండి తూము దగ్గరికే తెచ్చారు. తాయారు పేరు చెప్పి విస్తళ్లు వేశారు. నేను వేయమనలేదు. లెక్కపెట్టాను, నూట నలభై రెండు ఇళ్లనుంచీ వచ్చారు. చిట్టబ్బాయి రెండుసార్లు వడ్డించుకుని, "అక్క ఉంటే ఉప్పు తక్కువనేది" అని ఏడ్చాడు. పన్నెండున్నరకు సముద్రం తలుపు దగ్గర్నుంచి వెనక్కి తగ్గింది.

సాయంత్రం పుస్తకం, మైక్రోస్కోపు, రంగు సీసాలు నూకరత్నానికి అప్పజెప్పాను. రేపటి పేజీనుంచి ఆమె రాస్తుంది. ఇది ఇందులో నా ఆఖరి పేజీ. ఇందులో ఉన్న మంచి అంకెలన్నీ తాయారువి. చెడ్డవి మూడు ఉన్నాయి, అవి నావి.

రేపు పొద్దున ఆరింటి పడవలో పద్నాలుగో గట్టుకు వెళతాను. సాయంత్రం దాకా ఆగి, వాళ్ల మడుగులోకి దిగుతాను. కప్పలు పట్టేవాళ్లను నాతోపాటు నీళ్లలో నిలబెడతాను. నువ్వెవరని వాళ్లు అడుగుతారు. తొమ్మిదో గట్టు తాయారు దగ్గర పనిచేసినవాణ్ణి అని చెబుతాను.